వెనక్కి ఒక అడుగు

ఆ చర్చిలో పెరిగినవాళ్లను ఎవరినైనా ఆపి, "నువ్వు ఎన్నో వంద?" అని అడగండి. ఠక్కున చెబుతారు. బస్సు నడిపే మనిషి పదమూడో వంద. ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయి నాలుగో వంద. కూరగాయల కొట్టాయన కూతురు పదిహేడో వంద. ఆమెకు పెళ్లయి చంకలో పిల్లాడున్నా, చిన్నప్పటి స్నేహితురాళ్లు ఇప్పటికీ "ఏమే పదిహేడూ" అనే పిలుస్తారు. ఊరందరికీ ఇలా అంకెలు తగిలించిన ఘనత ఒకే ఒక్క మనిషిది. ఆమెను వందల టీచరంటారు.

టీచరంటే బళ్లో టీచరనుకునేరు. వారానికి ఆరు రోజులు ఆమె ఒక ప్రింటింగ్ ప్రెస్సు వెనక గదిలో పుస్తకాలు బైండు చేస్తుంది. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను పదహారు పేజీల ఫారాలుగా మడవడం, చెక్క పలకతో మడత నొక్కడం, వరసగా పేర్చి సూదీ దారంతో కుట్టడం, వీపుకు జిగురు రాసి ప్రెస్సు కింద పెట్టడం. ముప్పై ఏళ్లుగా ఇదే పని. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని కుడిచేతి చూపుడు వేలు మొద్దుబారింది. ఆ వేలితో మరిగే టీ గ్లాసు పట్టుకుని కూడా ఉలకదు. కుట్టేముందు ఫారాలు లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. ఒక్క ఫారం తగ్గినా ఆ పుస్తకం ఆమె చేతిలోంచి బయటికి పోదు. యజమాని అరిచినా, పుస్తకం వేయించుకున్న పార్టీవాడు గుమ్మంలో నిలబడి కాలు నేలకేసి కొట్టినా, అచ్చు వేసేవాడు ఆ ఫారం వెతికి తేవాల్సిందే.

ఇక ఆదివారం సంగతి. ఆరాధన అయిపోగానే చర్చి వెనక ఉన్న చిన్న గదిలో పిల్లలకు చర్చి చరిత్ర చెబుతుంది. ఈ పని ఇరవై ఆరేళ్ల కిందట ఆమె నెత్తిన పడింది. మిగతావాళ్లంతా బైబిలు కథలు, పాటలు, బొమ్మలకు రంగులు పంచేసుకున్నారు. చరిత్రను ఎవరూ ముట్టుకోలేదు. తేదీలు, రాజులు, సభలు, చీలికలు అంటే పిల్లలు నిద్రపోతారని భయం. ఈమె తల ఊపింది. మొదటి నాలుగు వారాలు పిల్లలు నిజంగానే నిద్రపోయారు. ఐదో వారం ఆమెకు ఒళ్లు మండి, అందరినీ లేపి గోడ పక్కన వరసగా నిలబెట్టింది. లెక్కపెడితే ఇరవై మంది ఉన్నారు. అక్కడే ఆమెకు బుర్ర వెలిగింది.

"నువ్వు మొదటి వందేళ్లు. నువ్వు రెండో వందేళ్లు. నువ్వు మూడు. మీరందరూ పక్కపక్కన నిలబడితే రెండు వేల ఏళ్లు. ఇప్పుడు నిద్రపోండి చూద్దాం."

అప్పటినుంచి అదే పద్ధతి. ప్రతి పిల్లా ఒక వంద. ఆ వందేళ్లలో చర్చి చేసిన మంచి ఒకటి, చెడు ఒకటి చెప్పాలి. మంచి చెప్పేటప్పుడు ముందుకు ఒక అడుగు. చెడు చెప్పేటప్పుడు వెనక్కి ఒక అడుగు. రెండూ ఒకే గొంతుతో చెప్పాలి. చెడు దగ్గర గొంతు కాస్త తగ్గిందా, వరస మొత్తం మళ్లీ మొదటినుంచి మొదలు. అందుకని గొణిగేవాళ్లంటే మిగతా పిల్లలకు చచ్చేంత కోపం. వాళ్లను గొణగకుండా తయారుచేసే పని పిల్లలే చూసుకునేవాళ్లు, టీచరుకు ఆ శ్రమ ఉండేది కాదు.

మొదట్లో గొడవలు కాలేదని కాదు. ఒకసారి ఒక తల్లి చీర కొంగు బిగించుకుని మరీ వచ్చింది.

"మావాడు అన్నం దగ్గర కూర్చుని, దేవుడి పేరు చెప్పి మనుషుల్ని తగలబెట్టారట కదమ్మా అనడిగాడు. నా ముద్ద గొంతులోనే ఆగిపోయింది. పసిపిల్లలకు చెప్పే మాటలా అవి?"

"తగలబెట్టారు కాబట్టి చెప్పాను. తగలబెట్టకపోయుంటే నాకూ ఒక పాఠం తగ్గేది," అంది టీచరు. "ఈ మాట మీవాడు మన దగ్గర వింటే బాధపడతాడు, ఆలోచిస్తాడు. రేపు బయటివాడెవడో మొహాన కొట్టినట్టు చెబితే ఏం చేస్తాడు? ఇంట్లోవాళ్లు ఇన్నాళ్లూ దాచారని మనల్నీ నమ్మడు, దేవుణ్ణీ నమ్మడు."

ఆ తల్లి గొణుక్కుంటూ వెళ్లింది. మరుసటి ఏడు రెండోవాణ్ణి కూడా తెచ్చి అప్పజెప్పింది.

చర్చి మీద ద్వేషంతో ఇదంతా చేస్తోందనుకునేవాళ్లు పప్పులో కాలేసినట్టే. ఆమెకు చర్చంటే ప్రాణం. రోగులకు భయపడి ఊళ్లు ఖాళీ అవుతుంటే, ఆ రోగుల దగ్గరే ఆగిపోయినవాళ్ల సంగతి మూడో వంద చెబుతుంటే ప్రతి ఏడూ ఆమె కళ్లు చెమ్మగిల్లుతాయి. ప్రాణంగా చూసుకునే దాని గురించి అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. అంతే.

అన్నీ సాఫీగా సాగుతున్నాయనుకుంటుండగా చర్చికి ఎనభయ్యేళ్లు నిండాయి. బిషప్ గారు వస్తున్నారు. నాలుగు ఊళ్ల చర్చిల నుంచి పెద్దలు వస్తున్నారు. పిల్లల వరసను ఈసారి వెనక గదిలో కాకుండా వేదిక మీద, మైకు ముందు నిలబెట్టాలని కమిటీ తీర్మానించింది. ఆ కమిటీకి సెక్రటరీ ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ టీచరు అన్నయ్య.

ఆయన కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడకు టై, చేతిలో ఫైలు. నాన్న పోయినప్పుడు ఆయనకు పదిహేడేళ్లు, చెల్లికి పదకొండు. పగలు చదువు, సాయంత్రం పని, ఇంటి బరువంతా ఆయనే మోశాడు. చెల్లికి ఆయనంటే గౌరవం, ఆయనకు చెల్లంటే ప్రేమ. ఇద్దరిలో ఎవరికీ ఎదుటివాళ్ల మాట వినే అలవాటు మాత్రం లేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఆయన ప్రెస్సు వెనక గదికి వచ్చాడు. కాగితాల కట్ట పక్కకు జరిపి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె కుట్టు ఆపలేదు.

"పిల్లల కార్యక్రమం గురించి మాట్లాడాలి," అన్నాడు. "మంచి మటుకు చెప్పించు. చెడు వద్దు. వచ్చేవాళ్లు పెద్దవాళ్లు. పండగపూట మన ఇంటి చెత్త వాళ్ల ముందు కుమ్మరించుకుంటామా?"

"మొదటి పంతొమ్మిది వందల పిల్లలతో చెడు చెప్పించినా నీకేం కాదన్నయ్యా. యుద్ధాలు చెప్పు, తగలబెట్టడాలు చెప్పు, నువ్వు హాయిగా వింటావు. నీ బాధంతా ఇరవయ్యోదానితోనే."

 ఇరవయ్యో వంద చెప్పే చెడు ఈ చర్చి గురించే. చర్చి కట్టిన రోజుల్లో ఊళ్లో పెద్ద తోళ్ల ఫ్యాక్టరీ ఉండేది. అధికారులు, గుమాస్తాలు ముందు తలుపులోంచి లోపలికొచ్చి బెంచీల మీద కూర్చునేవాళ్లు. తోళ్లు నానబెట్టి, గీకి, ఆరబెట్టే కూలీలకు పక్కన ఒక చిన్న తలుపు. లోపల వెనక ఒక కర్ర కటకటా, దాని అవతల నేల. వాళ్ల దగ్గర వాసనొస్తుందని కారణం చెప్పేవాళ్లు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి కూడా అందరూ అయిపోయాక చివర్లో రానిచ్చేవాళ్లు. ఈ అన్నాచెల్లెళ్ల నాన్న ఆ ఫ్యాక్టరీలో తోళ్లు గీకేవాడు.

"మొన్న అన్నం తింటూ నా మనవరాలు అడిగింది," అన్నాడు అన్నయ్య చివరికి. "తాతయ్యా, ఆ పక్క తలుపులోంచి వచ్చింది మనమేనా అని."

"ఏం చెప్పావు?"

"మనం కాదు, వేరేవాళ్లు అన్నాను."

సూది సగంలో ఆగిపోయింది. ఆ గదిలో ఆమె సూది అలా ఆగడం అరుదు.

"అమ్మానాన్నల్ని వేరేవాళ్లను చేశావా?"

"ఏం చెప్పమంటావు మరి?" ఆయన గొంతు లేచింది. "తొమ్మిదేళ్ల పిల్లకు, మీ ముత్తాతను మనిషిగా చూడలేదని చెప్పమంటావా? అది రేపు స్నేహితుల ముందు తలెత్తుకోవద్దా? ఈ స్థాయికి రావడానికి నేను ఎంత కష్టపడ్డానో నీకు తెలీదా? అమ్మ పడ్డ అవమానాన్ని మైకులో చెప్పిస్తానంటావు. అమ్మ ఉంటే ఒప్పుకునేదా?"

"అవమానపడాల్సింది ఆ తలుపు పెట్టినవాళ్లు. అమ్మ ఎందుకు పడాలి? నువ్వెందుకు పడుతున్నావు?" ఆమె చేతిలోని పుస్తకం ఎత్తి ఆయన ముందు పెట్టింది. "దీంట్లో ఇరవై ఫారాలున్నాయి. చివరిది పీకేసి కుట్టమంటే కుడతాను, అట్ట వేస్తే బయటికి ఎవడికీ తెలీదు. కానీ చదివేవాడు చివరికొచ్చేసరికి తిట్టేది నన్నే. నేను కుట్టను."

"అయితే నీ ఇష్టం." ఆయన లేచాడు. "మంచి ఒక్కటే చెప్పిస్తానంటే క్లాసు నీదే, ఎప్పటికీ నీదే. లేదంటే ఈ ఆదివారం నుంచి మీ వదిన చూసుకుంటుంది. కార్యక్రమం వరకే కాదు. ఇక మీదట కూడా. కమిటీలో మాట్లాడేశాను."

ఇరవై ఆరేళ్ల క్లాసు. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. వారమంతా కాగితాలతో గడిపే మనిషికి ఆ ఒక్క గంటే పండగ. అది పోతే ఆదివారం ఏం చేయాలో కూడా ఆమెకు తెలీదు. అన్నయ్యకు ఆ సంగతి బాగా తెలుసు, అందుకే సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన గెలిచినట్టేనని ఏడవలేదు.

సంచిలోంచి గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ తాళం బిగుసు. తలుపు కాస్త పైకెత్తి ఎడమకు తిప్పాలి. వదినకు చెప్పు, లేకపోతే విరగ్గొడుతుంది."

పాస్టరు గారి దగ్గరికి వెళ్లి చెప్పుకోవచ్చు కదా అంటారేమో. పాస్టరు గారు మంచివాడే. కాకపోతే ముందు ఎవరు మాట్లాడితే వాళ్లతో తలూపుతాడు, తర్వాత మాట్లాడినవాళ్లతోనూ తలూపుతాడు. ఆ మెడకు అడ్డంగా తిరగడం రాదు. అందుకని ఆమె ఆ గుమ్మం తొక్కలేదు.

రెండు వారాలు గడిచాక వదిన ఇంటికొచ్చింది. చేతిలో పిల్లల మాటలు రాసిన కాగితం, మొహంలో విసుగు. వదిన వేరే ఊరి మనిషి, పెళ్లయి ఈ ఊరొచ్చింది. ఆ వెనక గదిలో క్లాసు ఎలా జరుగుతుందో ఆమె ఎప్పుడూ చూడలేదు.

"అమ్మాయ్, నాకీ పిల్లలతో తల ప్రాణం తోకకొస్తోంది," అంది కుర్చీలో కూలబడుతూ. "చెడు మాటలన్నీ కొట్టేశాను. నోటితో చెప్పట్లేదు, బాగానే ఉంది. కానీ ఆ వెనకడుగు ఒకటుంది చూడు, అది మాత్రం మానట్లేదు. మంచి చెప్పడం, వెంటనే వెనక్కి జరగడం. వద్దురా అంటే సరే ఆంటీ అంటారు, మళ్లీ కాళ్లు వాటి దారిన అవి వెళ్తాయి."

టీచరు నవ్వు ఆపుకుంటూ మంచినీళ్లు తేవడానికి లేచింది.

"మాన్పించాలంటే ఇంకో నెల పడుతుంది. పోనీలే, చూడ్డానికి డ్రిల్లులా బాగానే ఉంది. ఉంచేస్తాను. ఏమంటావు?"

ఆ అడుగుకు ఆ ఊళ్లో అర్థమేమిటో టీచరు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చెప్పలేదు. మంచినీళ్ల గ్లాసు అందించి, "ఎండగా ఉంది, కాసేపు కూర్చుని వెళ్లు వదినా," అంది. అమాయకురాలైన వదిన దగ్గర అంత గడుసుతనం చూపించడం న్యాయమేనా అని అడిగితే, న్యాయం కాదు. కానీ ఆ పూటకు ఆమె న్యాయం చేసే స్థితిలో లేదు.

కార్యక్రమానికి వెళ్లకూడదని మొదట అనుకుంది. శనివారం సాయంత్రానికి ఆ ఆలోచన తిరగబడింది. తనను రానివ్వని తలుపులు ఇప్పుడా చర్చికి లేవు కదా, తనంతట తాను బయట కూర్చుంటే దాన్నేమనాలి? ఆదివారం ఉదయం ముందు తలుపులోంచి అందరూ చూస్తుండగా వచ్చి, రెండో బెంచీలో కూర్చుంది. వేదిక మీద మైకు సరిచేస్తున్న అన్నయ్య ఆమెను చూశాడు. కళ్లతోనే హెచ్చరించాడు. ఆమె కళ్లతోనే సరే అన్నట్టు చూసింది. ఆ సరే దేనికో ఆమెకే తెలీదు.

హాలు కిక్కిరిసిపోయింది. బిషప్ గారు మధ్య కుర్చీలో, పక్కన పాస్టరు గారు. ఇరవై మంది పిల్లలు తెల్లబట్టల్లో వరసగా నిలబడ్డారు. చివరన, ఇరవయ్యో వందగా, సెక్రటరీ గారి మనవరాలు. జుట్టు రెండు జడలు వేసి, రిబ్బన్లు బిగించి ఉంది.

"మొదటి వంద. ఉన్నవాళ్లు లేనివాళ్లతో పంచుకుని తిన్నారు," అన్నాడు మొదటి పిల్లాడు, ముందుకు ఒక అడుగు వేసి. తర్వాత వెనక్కి ఒక అడుగు వేశాడు. ఏమీ చెప్పలేదు.

హాల్లో ఏదో తేడా కొట్టింది. జనం బెంచీల్లో సర్దుకున్నారు. రెండో వంద ముందుకొచ్చింది, చెప్పింది, వెనక్కెళ్లింది. మళ్లీ అదే మౌనం. మూడో వందకు కూడా అంతే. బయటి ఊళ్ల పెద్దలకు అదేదో కవాతులా కనిపించి ముచ్చటపడ్డారు. కానీ ఆ హాల్లో సగం మంది చిన్నప్పుడు ఆ అడుగు వేసినవాళ్లే. వెనక్కి అడుగు పడిందంటే నోట్లోంచి ఏదో రావాలని వాళ్ల ఒంటికి తెలుసు. రాకపోతే తుమ్ము సగంలో ఆగిపోయినట్టుంటుంది.

"నాలుగో వంద. క్రైస్తవుల్ని హింసించడం ఆగింది," అని నాలుగో పిల్ల వెనక్కి అడుగేసింది.

"అధికారం చేతికి రాగానే, నిన్నటిదాకా దెబ్బలు తిన్నవాళ్లే ఇతరుల్ని కొట్టడం మొదలుపెట్టారు," అంది ఆడవాళ్ల వైపునుంచి ఒక గొంతు.

నర్సు. పైకి అనాలని అనలేదు పాపం, ఇరవై ఏళ్ల కిందటి మాట దానంతటదే వచ్చేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బెంచీలో కుంచించుకుపోయింది. తలలన్నీ అటు తిరిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. సెక్రటరీ గారు గట్టిగా దగ్గి, ఐదో వందకు సైగ చేశాడు.

ఆ తర్వాత కాసేపు సణుగుళ్లు వినిపించాయి, మాటలు వినిపించలేదు. ఏడో వంద దగ్గర ఒక మూల, తొమ్మిదో వంద దగ్గర ఇంకో మూల. పదకొండో వంద దగ్గర ఒకతను స్పష్టంగానే, "తూర్పు, పడమర ఒకళ్లనొకళ్లు వెలివేసుకున్నారు," అన్నాడు. వదిన చేతిలోని కాగితాన్ని మడిచేసింది. ఆ అడుగు సంగతి ఆమెకు అప్పుడర్థమైంది. తిరిగి టీచరు వంక చూసిన చూపు చూడాలి.

"పదమూడో వంద. పేదల మధ్య పేదల్లా బతికే సన్యాసులు వచ్చారు." పిల్లాడు వెనక్కి అడుగేశాడు.

వెనక బెంచీలోంచి బస్సు డ్రైవరు లేచి నిలబడ్డాడు. అతని గొంతు మామూలు గొంతు కాదు, బస్సు ఇంజను మీదుగా చివరి సీటుదాకా వినపడాలి.

"పన్నెండు వందల పద్నాలుగులో సిలువ గుర్తు కట్టుకున్న సైన్యం తోటి క్రైస్తవుల పట్నాన్నే దోచుకుంది!"

"నాలుగు," అంది రెండో బెంచీలోంచి టీచరు, తిరిగి చూడకుండా.

"ఆఁ, నాలుగు. పన్నెండు వందల నాలుగులో. అప్పుడూ ఇదే తప్పు చెప్పేవాణ్ణి టీచర్."

హాలు ఘొల్లుమంది. ఇక కట్ట తెగింది. పదహారో వందలు ఆ హాల్లో నలుగురున్నారు, నలుగురూ ఒకేసారి లేచి, "అటువాళ్లు ఇటువాళ్లను, ఇటువాళ్లు అటువాళ్లను తగలబెట్టారు," అన్నారు. కూరగాయల కొట్టాయన కూతురు పిల్లాణ్ణి చంకనేసుకునే లేచి, మంత్రగత్తెలని పేరుపెట్టి చంపిన ఆడవాళ్ల సంగతి చెప్పింది. ఆమె నవ్వలేదు. ఆమెను చూసి హాల్లో నవ్వు కూడా ఆగింది. పద్దెనిమిదో వందవాళ్లు బానిసల ఓడల గురించి, పంతొమ్మిదో వందవాళ్లు బైబిలు వాక్యం చూపించి ఆ బానిసత్వాన్ని సమర్థించిన వాళ్ల గురించి చెప్పేసరికి అందరూ నిటారుగా కూర్చున్నారు. బిషప్ గారు పాస్టరు గారి చెవిలో ఏదో అడిగారు. పాస్టరు గారు తలూపారు.

సెక్రటరీ గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇరవయ్యో వంద," అంది మనవరాలు. "ఈ చర్చి కట్టారు. రెండు వందల మంది రాళ్లు మోశారు."

వెనక్కి ఒక అడుగు వేసింది.

ఎవరూ లేవలేదు. ఇరవయ్యో వందలు హాల్లో ఆరుగురైనా ఉన్నారు. అందరూ మైకు పక్కన నిలబడ్డ సెక్రటరీ గారినే చూస్తున్నారు. ఒకడికి ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఒకామె భర్తను ఆసుపత్రిలో చేర్పించింది ఆయనే. రాజులనూ సైన్యాలనూ అనడానికి నోరొచ్చింది కానీ, ఎదురుగా ఉన్న మంచివాణ్ణి నొప్పించడానికి ఎవరికీ నోరు రాలేదు. అందరి కళ్లూ నేల చూశాయి. సెక్రటరీ గారు ఊపిరి వదిలి మైకు అందుకోబోయాడు.

టీచరు లేచింది.

"ఆ రాళ్లు మోసినవాళ్లలో సగం మందిని ముందు తలుపులోంచి రానివ్వలేదు," అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "తోళ్ల ఫ్యాక్టరీ కూలీలకు పక్క తలుపు పెట్టారు. కటకటా వెనక నేల మీద కూర్చోబెట్టారు. ప్రభువు బల్ల దగ్గరికి చివర్లో పిలిచారు. ముప్పై ఏళ్లు అలాగే నడిపించారు."

"కూర్చో," అన్నాడు అన్నయ్య. మెల్లగానే అన్నాడు కానీ మైకు దాన్ని హాలంతా పంచింది.

"కూర్చోను. ఎనిమిదేళ్లు ఆ నేల మీదే కూర్చున్నాను అన్నయ్యా. చాలు."

మనవరాలు కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. "టీచర్, మీరు ఆ తలుపులోంచి వచ్చారా?"

"వచ్చాను. మా అమ్మ చెయ్యి పట్టుకుని. ఆ తర్వాత ఒక కుర్ర పాస్టరు గారు వచ్చి ఆ తలుపు మూయించేశారు."

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత తాతయ్య వైపు తిరిగింది. ఎదురుగా మైకుందన్న సంగతి దానికి గుర్తులేదు.

"తాతయ్యా, టీచర్ నీ చెల్లెలే కదా?"

అంతకంటే ఏమీ అనలేదు. అంతమంది పెద్దవాళ్లు ఉన్న హాల్లో అంతకంటే పెద్ద ప్రశ్న ఎవరూ వేయగలిగేవాళ్లు కాదు. సెక్రటరీ గారు ఫైలు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చాడు. చెల్లెలి వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, జాలి కూడా పడలేదు. జాలిపడితే ఆయన తప్పించుకుంటాడని ఆమెకు తెలుసు.

"నేనూ వచ్చాను," అన్నాడాయన. "పధ్నాలుగేళ్లు. నీకు అబద్ధం చెప్పానమ్మా."

"ఎక్కడుంది ఆ తలుపు?"

ఆ మాటకు జవాబు టీచరు దగ్గర కూడా లేదు. ఎడమ గోడ అని తెలుసు, అంతే. యాభై ఏళ్లలో ఆ గోడకు ఎన్ని పూతలు పూశారో. తలుపు మూసిన ఇటుక ఎక్కడ, అసలు గోడ రాయి ఎక్కడ అన్నది ఏ కంటికీ తెలీదు. సెక్రటరీ గారు ఫైలు కుర్చీ మీద పెట్టి వేదిక దిగాడు. జనం కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. ఆయన తడుముకోలేదు, అటూ ఇటూ వెతకలేదు. మూడో కిటికీ దాటి నాలుగు అడుగులు వేసి, తెల్లటి గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇక్కడ," అన్నాడు. చెయ్యి కిందికి దించి తన భుజం దగ్గర ఆపాడు. "ఇంతే ఎత్తు. నాన్న ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి. ప్రతి ఆదివారం తల వంచుకుని వచ్చేవాడు."

"తల వంచలేదు," అంది టీచరు. ఆమె గొంతు మొదటిసారి పెరిగింది, అది కోపంతోనే పెరిగింది. "నాన్న తల ఎప్పుడు వంచాడు? నువ్వు ముందు నడిచేవాడివి, నీకు కనపడలేదు. నేను వెనకుండేదాన్ని. మోకాళ్లు వంచేవాడు. తల నిటారుగానే ఉండేది."

అన్నయ్య గోడ వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెడ నిటారుగా పెట్టి, ఎదురుగా చూస్తూ, అరవై నాలుగేళ్ల మోకాళ్లు మెల్లగా వంచాడు. వదిన కంగారుగా లేచింది. ఆయన వద్దని చెయ్యి ఊపాడు. టై నేలవైపు జారలేదు, గుండె మీదే ఉంది. అలాగే వంగి గోడ పక్కన ఒక అడుగు, రెండడుగులు నడిచాడు.

"ఇలాగా?" అని చెల్లెల్ని అడిగాడు.

"ఆఁ. అలాగే."

వేదిక మీద పిల్లల వరస ఎప్పుడో చెదిరిపోయింది. అందరూ గోడ దగ్గరికి తోసుకొచ్చారు. వాళ్లలో ముగ్గురు నలుగురు అప్పుడే మోకాళ్లు వంచి, మెడలు బిగించి నడవడం మొదలుపెట్టారు.

"నెమ్మది, ఒకళ్ల మీద ఒకళ్లు పడకండి," అంది టీచరు. "వచ్చే ఆదివారం క్లాసుకు అందరూ పుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి. ఇవాళ తాతయ్య చెప్పింది రాసుకోవాలి."

క్లాసు తనదో కాదో ఆమె ఎవరినీ అడగలేదు.